పలక మీద చేదు

మొదట కంపు మేడెక్కింది. ఆ వెనకే వీర్తూదెస్ కేక మెట్లు దిగింది.

"ఆన్సెల్మో! మళ్ళీ నా పాలగిన్నెలోనే కాచావా ఆ చచ్చిన కుందేళ్ళని?"

కింద పనిగదిలోంచి జవాబు రాలేదు. కుందేలు తోళ్ళు ఉడికిన వాసన మాత్రం తాపీగా వచ్చి వంటింట్లో రొట్టె మీద, నూనె సీసా మీద, వీర్తూదెస్ జుట్టు మీద కూర్చుంది. గిటార్లు చేసే ఇంటికి కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ జిగురు వాసన ఆమెకి తోడు. అయినా ఆమె ముక్కు దానితో ఏనాడూ రాజీపడలేదు.

టమాటా గుజ్జు రాసిన రొట్టె కొరకబోయిన కూతురు కసిల్దా ముక్కు మూసుకుంది. రొట్టె పళ్ళెంలో పెట్టేసింది.

"వినబడనట్టు నటిస్తాడు. పెళ్ళయిన మర్నాటి నుంచీ అదే విద్య," అంది తల్లి.

"జిగురు ఇవాళే కావాలమ్మా. రేపు వాన అంటున్నారు. గాలి పొడిగా ఉండగానే గిటారు పలకలు అతకాలి. చెమ్మలో అతికితే ఎండలు ముదిరేసరికి నెర్రె విచ్చుతుంది."

"అతుక్కో. వద్దన్నానా? నా గిన్నె ఎందుకని అడుగుతున్నా." వీర్తూదెస్ అలమర తెరిచి ఒక రేకు డబ్బా తీసింది. మూత తీసి, లోపలికి చూసి, డబ్బాని బోర్లించి బల్ల మీద కొట్టింది. "నా చికోరీ ఏదే? గుండెకి మంచిది కాదని కాఫీ మాన్పించారు. నాకు మిగిలింది కాఫీలాంటి ఈ చేదు పొడి ఒక్కటే. నిండు డబ్బా! ఎవరు తాగారు?"

"నేను ముట్టుకోను."

"మీ నాన్న దాని వాసనకే మొహం తిప్పుకుంటాడు. మరి దయ్యం తాగిందా?"

కసిల్దా ఆ మాట పట్టించుకోలేదు. ఆమె మనసంతా కింద ఉంది.

ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఏ గిటారు రంధ్రంలోంచి తొంగిచూసినా లోపల అంటించిన చీటీ మీద కనబడేది తండ్రి పేరే. పక్కలు వంచింది, మెడ చెక్కింది కూతురైనా సరే. ఈసారి అలా కాదు. సంగీత పాఠశాలలో పాఠాలు చెప్పే ఎలోయిసా స్వయంగా వచ్చింది. 'నాకు నీ గిటారు కావాలి కసిల్దా. మీ నాన్నది కాదు,' అని చెప్పి వెళ్ళింది. మొదటిసారి లోపల కసిల్దా పేరు పడబోతోంది. ఆ పేరు నిలబడాలంటే పై పలక మంచిదై ఉండాలి. గిటారుకి వీపూ పక్కలూ ఒళ్ళయితే పై పలక గొంతు. తప్పు గొంతు ఎంచుకుంటే ఎంత నగిషీ చేసినా లాభం లేదు.

ఆ పలక కసిల్దా పుట్టిన రోజునే నిర్ణయమైపోయింది. తాత తెలెస్ఫోరో స్ప్రూస్ అనే తెల్లచెక్క దుంగని గొడ్డలితో నిలువునా చీల్చి జంట పలకలు తీశాడు. ఒకదాని మీద పెన్సిలుతో మనవరాలి పేరు రాసి అటకెక్కించాడు. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక పలక పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. నిద్రపోతున్న చెక్కని కదపకూడదన్నది వాళ్ళ నమ్మకం. అందుకే కసిల్దా దాన్ని కింద నుంచి చూడటమే గాని ఏనాడూ చేత్తో తాకలేదు.

ఇవాళ తాకబోతోంది.

* * *

ఆమె మెట్లు దిగేసరికి ఆన్సెల్మో గుమ్మానికి వీపు పెట్టి, ఒక దేవదారు ముక్క కొసని నాలుకతో నాకుతున్నాడు.

ఏళ్ళ తరబడి చూస్తున్నా కసిల్దాకి ఒళ్ళు జలదరించింది. తడి తగిలితే చెక్కలో గీతలు తేలతాయి. అవి నిట్టనిలువుగా ఉన్నాయో పక్కకి వాలాయో తెలుస్తుంది. ఆ వీధిలో గిటార్లు చేసేవాళ్ళందరూ కుంచెతో నీళ్ళు రాసి చూస్తారు. ఈయన ఒక్కడే నాకుతాడు. నీళ్ళు గీతలే చూపిస్తాయి, నాలుక వయసు కూడా చెబుతుంది అంటాడు. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. 'చెక్క నాకేవాడి కూతురా' అనేవాళ్ళు. పుట్టినరోజు కేకు ఆమెతో పంచుకునేవాళ్ళు కాదు.

"నాన్నా, ఛీ! నిన్న పిల్లి పడుకుంది ఆ చెక్క మీద."

"అవునవును, రేపే వాన," అన్నాడు ఆన్సెల్మో వెనక్కి తిరక్కుండానే.

మాట తప్పించడంలో దిట్ట అనుకుంది కసిల్దా. ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఎలోయిసా దేవదారు కూడా ఒకసారి చూడమంది."

ఆయన ఆమె మొహంలోకి తేరిపార చూసి నవ్వాడు. "దేవదారు కొత్త ప్రియుడిలాంటిది అమ్మాయ్. మొదటి రోజే తియ్యగా మాట్లాడేస్తుంది. స్ప్రూస్ మొగుడిలాంటిది. మొదట్లో మూగమొద్దు. వాయించగా వాయించగా ఏళ్ళకి నోరు విప్పుతుంది."

"నా మొగుడు ఇంకా విప్పలేదు!" మెట్ల మీదనుంచి వీర్తూదెస్ అరిచింది.

ఆన్సెల్మో అదీ పట్టించుకోలేదు. పని బల్ల మీది గుడ్డ తొలగించాడు. కింద రెండు పలకలున్నాయి. ఏళ్ళ తరబడి ఆరిన చెక్కలా తేనె రంగు దాటి గోధుమరంగుకి తిరిగాయి. ఒక మూల మసకగా పెన్సిలు అక్షరాలు: కసిల్దా.

"పొద్దున్నే దించాను. నీకు అటక ఎక్కే శ్రమ ఎందుకని," అన్నాడు.

కసిల్దా దగ్గరికి వచ్చింది. ఒక పలకని పైకొసకి కాస్త కింద రెండు వేళ్ళతో వేలాడదీసి పట్టుకుంది. రెండో చేతి వేలి కణుపుతో మధ్యలో కొట్టింది. మంచి స్ప్రూస్ అయితే గంటలా మోగాలి. ఆ మోత గాలిలో కాసేపు నిలబడాలి.

డొక్.

తడి గోడని తట్టినట్టుంది. మోత పుట్టకముందే చచ్చింది.

ఆన్సెల్మో కళ్ళు మూసుకున్నాడు. "విన్నావా? మీ తాత బతికొచ్చాడు!"

కసిల్దా పలకని మరోసారి చూసింది. తను పట్టుకున్న చోటు తప్పేమో అనుకుంది. వేళ్ళు కాస్త జరిపింది. చెయ్యి వెనక్కి తీసి, కొట్టబోయి, ఎందుకో వెంట్రుకవాసిలో ఆపేసింది. కణుపు చెక్కని తాకలేదు.

"ఆహా!" అన్నాడు తండ్రి, ఆమె చేతినే చూస్తూ. "రెండోసారి ఇంకా బావుంది!"

కసిల్దా చెయ్యి దించేసింది. కొట్టని పలక మోగిందన్నాడు.

ఎందుకు? ఈ పలక తనకి అంటగట్టాలని అంత తొందరేమిటి? ఆమె మెల్లిగా పలక బల్ల మీద పెట్టి కుంచె కోసం చెయ్యి చాచింది. "గీతలు చూస్తాను. కొస తడిపి."

ఆన్సెల్మో చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "తడి వద్దు! పాత చెక్క. దానికి తడి తగలకూడదు."

ఆమె ఆయన వైపు చూసింది. కనబడ్డ ప్రతి చెక్కనీ నాకే మనిషి. కుర్చీ కొంటే కుర్చీ కోడు నాకిన మనిషి. చర్చిలో పెళ్ళికెళ్ళి బల్ల అంచు నాకి వీర్తూదెస్ చేత తిట్లు తిన్న మనిషి. తడి వద్దంటున్నాడు.

అప్పుడే ఎదురింటి నుంచి పెద్ద గొంతు వినబడింది. అది బల్దొమేరోది. ఆయనా గిటార్లు చేస్తాడు, ఆన్సెల్మోకి చిన్ననాటి స్నేహితుడు, అంతకాలంగానూ పోటీదారు. "ఒరేయ్ ఆన్సెల్మో! నీ కుందేలు కంపుకి నా ఇంటికొచ్చిన బేరం పారిపోయిందిరా!"

ఆన్సెల్మో కదల్లేదు. కసిల్దా గుమ్మం వైపు వేలు చూపించాక గాని తిరగలేదు. కాళ్ళీడ్చుకుంటూ బయటికెళ్ళాడు.

గదిలో ఆమె, ఆ పలక మిగిలారు.

కుంచె చేతిలోనే ఉంది. నీళ్ళు గీతలే చూపిస్తాయి. కసిల్దా కుంచె పక్కన పెట్టింది. జన్మలో చెయ్యనని ఒట్టు పెట్టుకున్న పని చేసింది. పలక ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, కొసని నాలుకతో నాకింది.

చేదు.

ఆ చేదు వాసన ఆమెకి బాగా తెలుసు. రోజూ పొద్దున్నే వంటింట్లో మరుగుతుంది.

నేల మీద పొట్టులో ఉమ్మేసి, తల పైకెత్తి అరిచింది. "అమ్మా! నీ చికోరీ దొరికింది. కిందకి రా!"

* * *

ఆన్సెల్మో తిరిగొచ్చేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ బల్లకి అటూ ఇటూ నిలబడి ఉన్నారు. కసిల్దా నాలుకతో తడిసిన చోట పలక పాలిపోయి, కొత్త చెక్క తెల్లదనం బయటపడింది. ఆయన దాన్ని చూశాడు. తర్వాత కూతురి మొహం చూశాడు. తలుపు తెరిచే ఉంది గాని ఆయన పారిపోలేదు.

"ఎంతసేపు కాచావు?" అంది కసిల్దా. గొంతు పెంచలేదు. "ఎన్ని పూతలు పూశావు? తాత చేతిరాత ఎన్నిసార్లు రాసి చూసుకున్నావు?"

"అమ్మాయ్..."

"ఇంకెన్ని ఉన్నాయి? ఈ కషాయం పూసి పాత చెక్క అని చెప్పి ఎన్ని గిటార్లు బయటికి పంపావు?"

"ఒట్టు! ఇదొక్కటే. మా నాన్న మీద ఒట్టు."

"తాతని మధ్యలోకి లాగకు! ఆయన చేతిరాత దొంగిలించిన నోటితో ఆయన మీద ఒట్టా?" ఇప్పుడు గొంతు లేచింది. "ఎలోయిసా ఎదురుగా నిలబడి, ఇది మా తాత చీల్చిన చెక్క అని నేను చెప్పేదాన్ని. నా పేరు కింద. నా నోటితో. నా మొదటి అబద్ధం నువ్వు ఇక్కడే కాచిపెట్టావు నాన్నా, ఆ కుందేలు జిగురు పక్కనే! జిగురు కంపు నయం. అది కనీసం కంపని ఒప్పుకుంటుంది. నువ్వు చెక్క నాకుతుంటే చిన్నప్పటి నుంచీ అసహ్యించుకున్నాను. కానీ మనసులో ఒక్కటి అనుకునేదాన్ని. నాకితే నాకాడు, అబద్ధం ఆడడు అని. ఇప్పుడు నువ్వు కోసిన రొట్టె తినాలన్నా నాకు రోతగా ఉంది."

వీర్తూదెస్ పాలగిన్నె గుండెలకి హత్తుకుని నిలబడింది. ఆమె కూడా భర్తని వెనకేసుకు రాలేదు. "నా డబ్బా మొత్తం ఊడ్చావు. అడిగితే చెప్పలేదు. థూ!" అంది.

ఆన్సెల్మో ఇద్దరి పెదవుల వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అసలు పలక ఏది?" అడిగింది కసిల్దా. "అమ్మేశావా?"

ఆ ప్రశ్న ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. తల అడ్డంగా ఊపాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పని బల్ల కింద పెట్టెల వెనక్కి చెయ్యి దూర్చి, ఊలు గుడ్డలో చుట్టిన దేన్నో బయటికి తీశాడు. విప్పలేక విప్పాడు.

రెండు పలకలూ అప్పటికే అతికి ఉన్నాయి. అతుకు ఎక్కడుందో కూడా తెలియనంత అందంగా. గీతలు వెంట్రుకల్లా సన్నగా, నిలువుగా ఉన్నాయి. కసిల్దా చేతుల్లోకి తీసుకుంది. పలకకి బరువు లేదు.

కిటికీ వైపు ఎత్తిపట్టింది. ఎండ చెక్కలోంచి దాటి ఆమె మొహం మీద పడింది. ఆ వెలుగులో, అవతలి వైపు తాత రాసిన పేరు ఇటువైపు అద్దంలోలా తిరగబడి కనబడింది. కసిల్దా.

కాగితంలా చిత్రిక పట్టేశాడు. తీగలు బిగిస్తే ఆ పలక ఒక్క పూట ఆగదు.

"నీకు సిద్ధం చేసి ఇద్దామనుకున్నాను," అన్నాడు ఆన్సెల్మో నేల మీదే కూర్చుని. "చిత్రిక పట్టడం, తట్టి వినడం. చెక్క పల్చబడుతుంటే స్వరం దిగుతుంది కదా. సరైన స్వరం రాగానే ఆపాలి. నేను ఎప్పుడూ అంతే. మందం కొలిచేది వడ్రంగులు. మనం వింటాం."

"తెలుసు. వెయ్యిసార్లు చెప్పావు."

"తట్టాను. స్వరం రాలేదు. ఇంకాస్త పట్టాను. రాలేదు. వస్తుంది, మా నాన్న చీల్చిన చెక్క, రాకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. పడుతూనే ఉన్నాను. చివరికి నా వేళ్ళ నీడ చెక్కలోంచి కనబడింది." ఆయన తన చేతులు చూసుకున్నాడు. "స్వరం ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది తల్లీ. నా చెవికే రాలేదు."

కొట్టని పలకకి 'ఆహా' అన్న మొహం కసిల్దా కళ్ళ ముందు కదిలింది. ఆ మొహంలో మోసం ఒక్కటే కాదు. భయం కూడా ఉంది. అది ఇప్పుడు తెలిసింది.

"అమ్మా, నీకు తెలుసా ఈ సంగతి?"

"వినబడనట్టు నటించేవాడికీ నిజంగా వినబడనివాడికీ తేడా పెళ్ళానికి తెలీదా?" వీర్తూదెస్ గొంతు బొంగురుపోయింది. "నటించేటప్పుడు చాటుగా నవ్వేవాడు. ఈ మధ్య నవ్వడం మానేశాడు. తనే చెబుతాడని చూశాను. నేనూ నోరెత్తలేదు."

"చెవుడు తప్పు కాదు నాన్నా." కసిల్దా ఆయన ఎదురుగా వంగి, ప్రతి మాటా పెదవులతో స్పష్టంగా పలికింది. "చికోరీ తప్పు. పలక పాడుచేశానని చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని. అంతే. నువ్వు నా పేరు మీద పూత పూశావు."

"చెవిటివాడు చేసిన గిటారు ఎవరు కొంటారే?"

"గిటారు నువ్వు చేస్తున్నావా? నేను చేస్తున్నానా?"

కసిల్దా ఆయన భుజం పట్టుకుంది.

"లే. ఎలోయిసాకి ఈ సాయంత్రం నువ్వే చెప్పాలి. ముందు ఆ ఎదురింటాయనకి చెప్పు. ఈ గడప దాటి చెప్పు. దాచుకున్న చోటే పురుగు పడుతుంది."

ఆన్సెల్మో బల్ల పట్టుకుని లేచాడు. ఉరికంబం ఎక్కేవాడిలా గుమ్మంలోకి నడిచాడు. అవతల బల్దొమేరో కుర్చీలో కూర్చుని మేకులు ఏరుకుంటున్నాడు. ఎవరి ముందు తల దించకూడదని ఇంతకాలం బతికాడో ఆ మనిషి.

"ఒరేయ్ బల్దొమేరో! నాకు చెవుడొచ్చిందిరా!"

బల్దొమేరో చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. "ఏంటీ?"

"చెవుడు! చెవుడురా!"

"చెమ్మా? అవునవును, రేపే వాన!" అని అరిచి మళ్ళీ మేకులు ఏరుకోవడంలో పడ్డాడు.

ముందు వీర్తూదెస్ ఫక్కుమంది. నవ్వకూడదని పళ్ళు బిగించిన కసిల్దాకి నవ్వు ముక్కులోంచి వచ్చింది. దాని వెనకే కన్నీళ్ళు వచ్చాయి. వాటిని ఆపడం ఆమె వల్ల కాలేదు.

* * *

గాలి ఇంకా పొడిగానే ఉంది. కసిల్దా కళ్ళు తుడుచుకుని అటక నిచ్చెన ఎక్కింది.

చికోరీ పలకని ముందే పక్కన పడేసింది. పూత గీకేసినా అది పచ్చిది, ఇంకా ఏళ్ళు ఆరాలి. ఒక దేవదారు జంట తీసి తట్టింది. వెంటనే వెచ్చగా, గుండ్రంగా పలికింది. బావుంది. కాని మోగిన కాసేపటికే అంతా చెప్పేసినట్టు ఊరుకుంది. దాన్ని మళ్ళీ పైన పెట్టింది.

అన్నిటి అడుగునా ఒక స్ప్రూస్ జంట ఉంది. గీతలు ఒకవైపు ఇరుకు, ఒకవైపు వెడల్పు. మధ్యలో ముదురు రంగు చార. కళ్ళకి ఇంపుగా లేదని తండ్రి ఏళ్ళుగా తోసేసిన పలకలు. ఊరికే తట్టింది.

మోత లేచింది. లేచి, గది చుట్టూ తిరిగి, కిటికీ దగ్గర ఆగి, ఇంకా ఉంది.

ఇదే. చెప్పడానికి తండ్రి వైపు తిరిగింది. ఆయన చేతులు వేలాడేసుకుని, పండగ ఊరేగింపుని ఇతరుల భుజాల మీదుగా చూడబోయే పిల్లాడిలా ఆమె మొహం చూస్తున్నాడు. పలకని కాదు. ఆమె మొహంలో ఏముందో దాన్నిబట్టి తెలుసుకోవాలని.

ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది. నిచ్చెన దిగి, పలక తీసుకెళ్ళి ఆయన నోటి ముందు పట్టింది.

"కొరుకు."

"ఏంటీ?"

"అంచు. పళ్ళతో పట్టుకో. చెవి పోయింది గాని ఎముకలు పోలేదుగా."

ఆన్సెల్మో సందేహంగా నోరు తెరిచి పలక అంచుని పళ్ళ మధ్య పట్టుకున్నాడు. గడ్డం మీద చొంగ జారింది. "ఛీ ఛీ! ఈ వంశమంతా ఇంతే!" అంటూ వీర్తూదెస్ మొహం తిప్పుకుంది గాని, ఓరగా చూస్తూనే ఉంది.

కసిల్దా కణుపుతో తట్టింది.

ఆయన కనురెప్పలు ఆగిపోయాయి. పలక పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి పుర్రెలోకి మోగుతోంది. నోట్లో చెక్క ఉంది, మాట్లాడలేడు. చేత్తో సైగ చేశాడు. ఇంకోసారి.

తట్టింది. ఇంకోసారి. మళ్ళీ తట్టింది. ఆయన కళ్ళు నిండి, నీళ్ళు ముడతల్లోంచి దారి వెతుక్కుని, చొంగతో కలిసి పలక మీద పడ్డాయి. కసిల్దా చేత్తోనే తుడిచింది. రోత అనిపించలేదు. అనిపించలేదని కాసేపయ్యాక గమనించింది.

ఆయన పళ్ళ పట్టు వదిలి, "దీన్నా నేను తోసేసింది?" అన్నాడు. "చార చూసి తోసేశాను. చెవులున్న రోజుల్లో కూడా దీన్ని వినలేదు."

"మందం మాత్రం నేను కొలిచే చిత్రిక పడతాను. కొలత పట్టెతో."

"వడ్రంగిలా?"

"వడ్రంగిలా."

ఆయన తల వంచి ఒప్పుకున్నాడు. తర్వాత, అడగచ్చో లేదో అన్నట్టు, కాగితంలాంటి ఆ పాత పలక వైపు చూశాడు. కసిల్దా రంపం అందించింది. అతుకు విడిపోకుండా గిటారు లోపల చిన్న బిళ్ళలు అంటిస్తారు. తాత చెక్కలోంచి కోసిన బిళ్ళలు అందుకు చాలు. వాటిలో ఒకటి సరిగ్గా రంధ్రం కింద కనబడే చోట వస్తుంది. ఆన్సెల్మో పేరున్న ముక్కని జాగ్రత్తగా కోసి, ఒక అక్షరం కూడా పోకుండా, కూతురి అరచేతిలో పెట్టాడు.

వీర్తూదెస్ నిట్టూర్చి పాలగిన్నెని తిరిగి పొయ్యి మీద పెట్టింది. "కాచుకోండి. నా పాలు ఎటూ పోయాయి. చికోరీ మాత్రం కొత్త డబ్బా తేవాలి. నువ్వే వెళ్ళు, ఆన్సెల్మో." ఆయన ముందుకొచ్చి, పెదవులకి ఎదురుగా నిలబడి, మరోసారి చెప్పింది. "నువ్వే!"

జిగురు వేడెక్కింది. కంపు మళ్ళీ మేడెక్కడం మొదలెట్టింది. అతికే ముందు చివరిసారి గీతలు చూడాలి. కసిల్దా కుంచె కోసం బల్ల మీద వెతికింది. పొట్టు కింద ఎక్కడో ఉంది. విసుగొచ్చింది. పలక ఎత్తి కొసని నాకింది.

"అయ్యో దేవుడా, నువ్వూనా!" అంది తల్లి.

గీతలు నిట్టనిలువుగా తేలాయి. ఆన్సెల్మో ఆత్రంగా కూతురి పెదవుల వైపు చూశాడు.

"ఏం రుచి?"

కసిల్దా ఆయన వైపు తిరిగి, వినబడేలా కాదు, కనబడేలా చెప్పింది.

"చెక్క రుచే నాన్నా. ఇంకేమీ లేదు."